బాడీ చవక, లెన్స్ ప్రియం: మొదటి మిర్రర్‌లెస్ కెమెరా వెనక ఉన్న అసలు లెక్క

మా అన్నయ్య కొడుకు నిరుడు లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకోగల మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. ఫొటోగ్రఫీనే బతుకుదెరువు చేసుకోవాలన్న పట్టుదలతో, రెండేళ్లపాటు కూడబెట్టిన డబ్బు పెట్టి, పెద్ద కంపెనీలు అమ్మే ప్రవేశస్థాయి మోడళ్లలో ఒకదాన్ని, బాడీతో (లెన్స్ లేని కెమెరాతో) కలిపి అమ్మే కిట్ లెన్స్‌తో సహా తెచ్చుకున్నాడు. కొన్న పదో రోజునే మా బంధువుల ఇంట పెళ్లి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక; మండపంలో పూలదండలకు చుట్టిన పసుప్పచ్చ సీరియల్ బల్బులు తప్ప చెప్పుకోదగ్గ వెలుతురు లేదు. తలంబ్రాల వేళ అతడు తీసిన ఫొటోలో పెళ్లికూతురి చెంప మీద రవ్వ చల్లినట్టు రంగు చుక్కలు తేలాయి, దోసిట్లోంచి జారే బియ్యం గీతలుగా చెదిరిపోయాయి. పీటల పక్కనే నిలబడి అతడి చెల్లెలు ఫోనులో తీసిన ఫొటో అంతకంటే శుభ్రంగా వచ్చింది. "బాబాయ్, ఇంత డబ్బు పోసి కొన్నది ఫోను ముందు ఎందుకు నిలవలేదు?" అని అతడు అడిగిన ప్రశ్నకు జవాబు లెన్స్ అంచున అచ్చువేసి ఉన్న చిన్న అంకెల్లో ఉంది.

ఆ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే దాని రంధ్రం ఎఫ్ 6.3 కంటే ఎక్కువగా తెరుచుకోదు. మంచి ఫోన్ల ప్రధాన కెమెరా ఎఫ్ 1.8 దగ్గర ఉంటుంది. ఈ అంకె చిన్నదయ్యేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, లోపలికి వచ్చే వెలుతురు ఆ అంకెల నిష్పత్తికి వర్గంగా పెరుగుతుంది. 6.3ను 1.8తో భాగించి వర్గం చేస్తే సుమారు 12 వస్తుంది. అంటే సెన్సార్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్) మీది ప్రతి చదరపు మిల్లీమీటరుకూ ఫోనులో అందే వెలుతురులో పన్నెండో వంతే ఆ కెమెరాలో అందింది. కెమెరా సెన్సార్ మంచి ఫోను సెన్సార్ కంటే విస్తీర్ణంలో నాలుగైదు రెట్లు పెద్దదన్నది నిజమే కాని, పన్నెండు రెట్ల లోటును ఆ నాలుగైదు రెట్లు పూడ్చలేవు. దానికి తోడు ఫోను ఒక్క క్షణంలో అనేక ఫ్రేములు తీసి, వాటిని కలిపి చుక్కలను చెరిపేస్తుంది. తలంబ్రాల ఫొటోకు అతడి కెమెరా వాడిన ఐఎస్ఓ (తక్కువ వెలుతురును పెంచి చూపే అంకె; అది పెరిగేకొద్దీ చుక్కలూ పెరుగుతాయి) 12800. అదే షట్టర్ వేగంతో, అదే చోట, ఎఫ్ 1.8 లెన్స్ ఉండి ఉంటే ఐఎస్ఓ సుమారు 1000 సరిపోయేది. ఆ స్థాయిలో ఈనాటి ప్రవేశస్థాయి సెన్సార్లన్నీ శుభ్రమైన ఫొటోలే ఇస్తాయి.

కాబట్టి ఈ మార్కెట్‌ను అర్థం చేసుకోవాలంటే బాడీల పట్టిక పక్కన పెట్టి, ఏ బాడీకి ఏ ధరలో ఏ లెన్సులు దొరుకుతాయన్న వైపు నుంచి చూడడం మేలు. కెమెరా కంపెనీల వ్యాపారం కూడా ఆ వైపు నుంచే నడుస్తుంది.

ప్రపంచంలో డిజిటల్ కెమెరాల అమ్మకాలు 2010లో శిఖరానికి చేరాయి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా లెక్కల ప్రకారం ఆ ఏడాది 12 కోట్లకు పైగా కెమెరాలు ఫ్యాక్టరీలు దాటాయి. 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షల లోపుకు పడిపోయి, 2024లో కొద్దిగా కోలుకుని సుమారు 85 లక్షలకు చేరింది. మొదట పోయినవి జేబులో పట్టే చిన్న కెమెరాలు; ఆ తర్వాత దెబ్బ తగిలింది ఇంటింటికీ చేరిన చవక డీఎస్ఎల్ఆర్లకు (లోపల అద్దం ఉన్న పాత పద్ధతి కెమెరాలకు). నికాన్ 2018లో తెచ్చిన డీ3500కు వారసుడు రాలేదు. 2020లో మొదటిసారి మిర్రర్‌లెస్ కెమెరాల రవాణా డీఎస్ఎల్ఆర్లను దాటింది. మొత్తం సంఖ్య ఇలా చిక్కిపోయినప్పుడు కంపెనీలు ఒక్కో కెమెరా మీద వచ్చే రాబడిని పెంచుకోవడానికి పెద్ద సెన్సార్ ఉన్న, ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ మోడళ్ల వైపు మళ్లాయి. ప్రవేశస్థాయి బాడీ ఇప్పుడు వాళ్లకు ఇంటి గడప లాంటిది. గడప దాటి లోపలికి వచ్చినవాడు లెన్సులు కొంటాడు, నాలుగేళ్లకు పెద్ద బాడీ కొంటాడు అన్న నమ్మకంతోనే దాని ధర నిర్ణయిస్తారు.

చవక మిర్రర్‌లెస్ అన్న మాట అర్థం కూడా ఏళ్ల తరబడి జరుగుతూ వచ్చింది. ఈనాటి అర్థంలో మిర్రర్‌లెస్ అనదగ్గ మొదటి కెమెరాను పానసోనిక్ 2008లో తెచ్చింది. సోనీ నెక్స్ కెమెరాలు 2010లో వచ్చాయి. 2014లో వచ్చిన సోనీ ఏ6000 అమెరికాలో 650 డాలర్ల దగ్గర మొదలై, దాని తర్వాతి మోడళ్లు వచ్చాక కూడా ఏళ్ల తరబడి అంగళ్లలో ఉంది. 2021లో అదే కంపెనీ వీడియోలు తీసేవారి కోసం తెచ్చిన జడ్‌వీ-ఈ10 సుమారు 700 డాలర్లు కాగా, 2024లో వచ్చిన దాని రెండో తరం 1000 డాలర్లకు చేరింది. మధ్యలో ఏర్పడిన ఖాళీలోకి కెనాన్ 2023లో రెండు మెట్లు దింపింది: బాడీ ఒక్కటే 680 డాలర్లున్న ఆర్50, 480 డాలర్లున్న ఆర్100. నికాన్ జడ్30 కూడా 2022లో 700 డాలర్ల చుట్టుపక్కలే వచ్చింది. ఫుజీఫిల్మ్ 2024లో తెచ్చిన ఎక్స్-ఎం5 ధర వచ్చినప్పుడు 800 డాలర్లు. అందంగా ఉంటుంది, రంగులు బాగుంటాయి. అయితే ఆ కంపెనీ సొంత లెన్సుల ధరలు చూశాక దాన్ని చవక దారి అనడానికి నాకు మనసొప్పదు.

ఈ ధరకు ఏం కోసేశారన్నది తెలుసుకుని కొనాలి. ఆర్100లో తెర కదలదు, తాకితే పలకదు. 4కే వీడియో తీస్తే ఫ్రేము బాగా తెగిపోతుంది, ఫోకస్ పద్ధతి కూడా పాతదానికి దిగిపోతుంది. ఆర్50లో ఈ ఇబ్బందులు లేవు. మనుషులను, జంతువులను, వాహనాలను గుర్తుపట్టే ఆటోఫోకస్ అందులో ఉంది. ఆ 200 డాలర్ల తేడా ఈ మొత్తం మార్కెట్‌లో అన్నిటికంటే సద్వినియోగమయ్యే డబ్బని నా అభిప్రాయం. జడ్‌వీ-ఈ10కూ జడ్30కూ కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. గదిలో కూర్చుని వీడియో తీసుకునేవారికి అది లోటు కాకపోవచ్చు కాని, మే నెల మిట్టమధ్యాహ్నం ఊరేగింపు తీయాల్సినవాడికి తెర మీద తన ముఖం తప్ప మరేమీ కనిపించదు. పైన చెప్పిన చవక బాడీలు వేటిలోనూ సెన్సార్‌ను కదిలించి చేతి వణుకును సర్దే ఏర్పాటు లేదు. ఆ పని లెన్స్ చేయాలి. కిట్ లెన్సుల్లో అది ఉంటుంది, జూమ్ లేని చవక ప్రైమ్ లెన్సుల్లో ఎక్కువగా ఉండదు.

ఇక ఈ వ్యవహారం మొత్తానికీ గుండెకాయ మౌంట్. లెన్స్‌ను బాడీకి తగిలించే ఆ లోహపు కంకణం చూడడానికి చిన్నదే కాని, ఎవరి లెన్స్ ఎవరి బాడీకి పనిచేస్తుందో, ఎవరికి లెన్సులు తయారుచేసే హక్కుందో తేల్చేది అదే. ప్రతి మౌంట్‌కూ కంకణం నుంచి సెన్సార్ దాకా ఒక నిర్ణీత దూరం ఉంటుంది. కెనాన్ పాత డీఎస్ఎల్ఆర్ మౌంట్‌లో అది 44 మిల్లీమీటర్లు, నికాన్ పాత మౌంట్‌లో 46.5. అద్దం తీసేశాక ఆ దూరం బాగా తగ్గింది: సోనీ ‘ఈ’ (E) మౌంట్‌లో 18, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20, నికాన్ జడ్‌లో 16 మిల్లీమీటర్లు. పాత కెనాన్ లెన్స్‌ను కొత్త ఆర్ఎఫ్ బాడీకి పెట్టాలంటే మధ్యలో 24 మిల్లీమీటర్ల బోలు గొట్టం ఉంచి దూరం సరిచేస్తే చాలు. అడాప్టర్ అన్నది అదే. కాని దూరాన్ని పెంచగలమే తప్ప తగ్గించలేం. కెనాన్ 2012లో మొదలుపెట్టిన ఈఎఫ్-ఎం మౌంట్ దూరం 18 మిల్లీమీటర్లు. ఆ లెన్స్‌ను 20 మిల్లీమీటర్ల ఆర్ఎఫ్ బాడీకి సరిగా కూర్చాలంటే అది బాడీ లోపలికి 2 మిల్లీమీటర్లు దిగాలి, అది కుదరదు.

ఆ 2 మిల్లీమీటర్ల తేడా ఎంతోమందికి ఖరీదుగా పరిణమించింది. ఈఎఫ్-ఎం కెమెరాల్లో 2018 నాటి ఎం50 బాగా అమ్ముడుపోయింది. మన దగ్గర యూట్యూబ్ మొదలుపెట్టిన చాలామంది చేతుల్లో అది కనిపించేది. కెనాన్ ఆ మౌంట్‌కు మొత్తం ఎనిమిది లెన్సులే చేసి, 2018లోనే ఆర్ఎఫ్ మౌంట్‌ను తెచ్చి, 2023లో ఎం వరుసకు స్వస్తి చెప్పింది. ఆ లెన్సులు కొన్నవారికి పై మెట్టు లేకుండా పోయింది. ఆ కెమెరా ఈనాటికీ మంచి ఫొటోలే తీస్తుంది, కాదనను. కాని అమ్ముకుని ముందుకు పోదామనుకున్నవారికి "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అన్న సామెత అక్షరాలా అనుభవమైంది. బాడీ పోతే బాడీ ఒక్కటే పోతుంది. మౌంట్ పోతే లెన్సులన్నీ పోతాయి.

మౌంట్ విషయంలో రెండో ప్రశ్న తలుపు ఎంత తెరిచి ఉందన్నది. సోనీ తన ‘ఈ’ మౌంట్ ప్రాథమిక వివరాలను 2011 ఏప్రిల్ 1 నుంచి ఇతర తయారీదారులకు రుసుము లేకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. దాని ఫలితం ఈరోజు అంగట్లో కనిపిస్తుంది. జపాన్ లెన్స్ కంపెనీ సిగ్మా 2016లో 30 మిల్లీమీటర్ల (ఈ అంకె చిన్నదయ్యేకొద్దీ ఎక్కువ మేర ఫ్రేములో పడుతుంది) ఎఫ్ 1.4 లెన్స్‌ను, ఆ తర్వాత 16, 56 మిల్లీమీటర్ల లెన్సులను, 2021లో 18-50 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 జూమ్‌ను ఈ మౌంట్‌కు తెచ్చింది. ఆ చివరిది 300 గ్రాములు కూడా తూగదు. జూమ్ మొత్తం పొడవునా ఎఫ్ 2.8 నిలుపుకుంటుంది. జపాన్‌కే చెందిన టామ్రాన్‌తో పాటు, నిన్నమొన్నటి దాకా పేరు వినని చైనా కంపెనీలు విల్‌ట్రాక్స్, టీటీ ఆర్టిసాన్ వంటివి కూడా వరుస కట్టాయి. సోనీ తన సొంత చవక లెన్సుల మీద పెద్దగా శ్రద్ధ పెట్టకపోయినా కొనుగోలుదారుకు లోటు తెలియకపోవడానికి ఇదే కారణం.

కెనాన్ దారి వేరు. ఆర్ఎఫ్ మౌంట్‌కు ఆటోఫోకస్ లెన్సులు చేయడానికి ఇతరులను చాలాకాలం రానివ్వలేదు. విల్‌ట్రాక్స్ 2022లో తన ఆర్ఎఫ్ ఆటోఫోకస్ లెన్సుల అమ్మకం ఆపేయాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లోగాని తలుపు కాస్త తెరుచుకోలేదు. అప్పుడు సిగ్మా, టామ్రాన్ కెనాన్ అనుమతితో లెన్సులు ప్రకటించాయి, అవీ ఆర్50, ఆర్100 వంటి చిన్న సెన్సార్ కెమెరాలకు ఉద్దేశించినవే. అందుచేత 2023లో ఆర్50ను కొనవద్దని చెప్పిన నాబోటివాళ్లు ఇప్పుడు ఆ సలహాను మార్చుకోవాలి. బాడీ మారలేదు, దాని చుట్టూ లెన్సుల ప్రపంచం మారింది. నికాన్ కూడా అనుమతి పద్ధతినే పాటిస్తూ 2022 నుంచి టామ్రాన్‌ను, 2023 నుంచి సిగ్మాను రానిచ్చింది. తానుగా 24 మిల్లీమీటర్ల ఎఫ్ 1.7 లెన్స్‌ను చిన్న సెన్సార్ కెమెరాలకోసం 300 డాలర్ల లోపే ఇచ్చింది. ఫుజీఫిల్మ్ మౌంట్‌కు ఇప్పుడు సిగ్మా, టామ్రాన్, విల్‌ట్రాక్స్ మూడింటి లెన్సులూ దొరుకుతున్నాయి.

లెన్స్ ఫోకల్ లెంగ్త్ (ఆ మిల్లీమీటర్ల అంకె) దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కెనాన్ వంటి కంపెనీల్లో చవక ప్రైమ్ కాబట్టి మొదట దాన్నే కొంటారు. కెనాన్ ఆర్ఎఫ్ 50 మిల్లీమీటర్ల లెన్స్ 2020లో 200 డాలర్లకు వచ్చింది. కాని ఈ చిన్న సెన్సార్ మీద అది ఫుల్‌ఫ్రేమ్‌లో 80 మిల్లీమీటర్ల లెన్స్ చూసినంత మేరనే చూస్తుంది, ఎందుకంటే కెనాన్ చిన్న సెన్సార్‌కు గుణకం 1.6, సోనీ, నికాన్, ఫుజీఫిల్మ్‌లవాటికి 1.5. కల్యాణమండపంలో వరుడి ముఖం తీయడానికి అది చక్కగా ఉంటుంది. పది అడుగుల గదిలో సత్యనారాయణ వ్రతం తీయాలంటే మాత్రం వీపు గోడకు ఆనినా పీటల మీది దంపతులు ఇద్దరూ ఫ్రేములో పట్టరు. మన ఇళ్ల గదులకు 23 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య లెన్స్ అనువుగా ఉంటుంది. తీసుకోబోయే మౌంట్‌లో ఆ కొలతకు చవక లెన్స్ ఉందా లేదా అన్నది బాడీ కొనకముందు చూడాల్సిన మొదటి విషయం.

ఇంట్లో పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులున్నవారి పరిస్థితి కొంత మెరుగు. కెనాన్ పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ మీద ఆర్50కి ఆటోఫోకస్‌తో సహా బాగా పనిచేస్తాయి, సెకండ్ హ్యాండ్‌లో అవి పుష్కలంగా దొరుకుతాయి కూడా. నికాన్ వారికి ఒక మెలిక ఉంది: లెన్స్ లోపల మోటారు లేకుండా, బాడీలోని మోటారు తిప్పితే తిరిగే ఏఎఫ్-డీ లెన్సులకు ఆ కంపెనీ ఎఫ్‌టీజడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ రాదు. స్టూడియోల్లో ఏళ్ల తరబడి నమ్ముకున్న పాత 50 మిల్లీమీటర్ల లెన్సులు చాలా వరకు ఆ కోవలోవే.

మన దేశంలో ధర గురించి రెండు మాటలు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి తగ్గింది. అయినా 50 వేల సరుకు మీద 9 వేలు పన్నే అవుతుంది. అందుకే బిల్లు లేకుండా అయిదారు వేలు తగ్గించి ఇస్తామనే బేరం ప్రతి పెద్ద ఊళ్లోనూ వినబడుతుంది. ఆ బేరంతో పోయేది పన్ను ఒక్కటే కాదు, కంపెనీ వారంటీ కూడా పోతుంది. రెండేళ్లకు అమ్మబోతే బిల్లు లేని కెమెరాకు అడిగేవాడు ఇంకా తగ్గించి అడుగుతాడు. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకోవడం తెలుగు ఇళ్లలో మామూలే. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది మోడల్ వారీగా ముందే కనుక్కోవాలి. ప్రయాణికులకు ఒక ల్యాప్‌టాప్ మీద కస్టమ్స్ సుంకంలో ఇచ్చే ప్రత్యేక మినహాయింపు కెమెరాకు వర్తించదు. సుంకం లేకుండా తెచ్చుకోగల సామాను విలువ దాటితే సుంకం విమానాశ్రయంలోనే కట్టాల్సి రావచ్చు.

సెకండ్ హ్యాండ్ లెన్స్‌కు నేను గట్టిగా ఓటు వేస్తాను, ఒక్క షరతు మీద. బాడీకి షట్టర్ కౌంట్ (అప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క) చూసినట్టే లెన్స్‌కు ఫంగస్ చూడాలి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రెండు వానాకాలాలు బ్యాగులో మూలనపడిన లెన్స్‌లోపల సాలెగూడు పోగుల్లాంటి బూజు పడుతుంది. మామూలు వెలుతురులో అది కంటికి ఆనదు. లెన్స్‌ను కెమెరా నుంచి విడదీసి, రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోను టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తే చెట్టు వేళ్లలాగా పాకిన పోగులు తెలుస్తాయి. ధూళి చుక్కలు నాలుగు ఉన్నా ఫొటోలో కనిపించవు, వాటి గురించి బేరం ఆడుకోవచ్చు. పోగులు కనబడితే మాత్రం ఎంత చవకైనా తిరిగి ఇచ్చేయాలి. అది గాజు మీది పూతను తినేస్తుంది; తుడిచినా మచ్చ మిగులుతుంది, తేమ దొరికితే మళ్లీ మొలుస్తుంది.

మా అన్నయ్య కొడుకు అలా టార్చి పెట్టి మూడు లెన్సులు చూసి, రెండు కాదని, మూడోది తీసుకున్నాడు. 30 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4. పది అడుగుల గదిలో జరిగిన ఒక ఒడుగు ఫొటోలు మొన్న చూపించాడు. హోమం వెలుగులో వటువు చేతిలోని పలాశదండం మీది గీతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఐఎస్ఓ ఎంతని అడిగితే కెమెరా తెర నా వైపు తిప్పాడు, 800 ఉంది. చేతి వణుకు సర్దే ఏర్పాటు లేదు గనక కొన్ని ఫొటోలు కదిలాయని, షట్టర్ వేగం సెకనులో 160వ వంతు కంటే దించకూడదని తనే తెలుసుకున్నానని చెప్పాడు.